నడినెత్తి చూసే కెమెరా

ఆ వీధిలో ఎవరి మొహం ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరి నడినెత్తి ఎవరిదో తెలిసినవాడు మాత్రం ఒక్కడే. ఆయన సెలూను మేస్త్రి.

ముప్పై ఏళ్ళుగా ఆ వీధి తలలన్నీ ఆయన చేతి కింద వంగినవే. ఎవరికి సుడి కుడివైపు తిరిగింది, ఎవరికి రెండు సుళ్ళున్నాయి, చిన్నప్పుడు మెట్ల మీంచి దొర్లి ఎవరి తలకు కుట్లు పడ్డాయి, ఎవరి జుట్టులోని నలుపు సీసాలోంచి వచ్చింది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఎదురుగా వచ్చిన మనిషిని ఒక్కోసారి పోల్చుకోలేడు గానీ, అదే మనిషి కుర్చీలో కూర్చుని తల వంచితే ఇంటి నంబరుతో సహా చెప్పగలడు.

చెప్పగలడు గానీ చెప్పడు. మొదటిసారి కత్తెర చేతికిచ్చిన రోజున తండ్రి ఒక మాట అన్నాడు. "మనిషి తన తల నీ చేతిలో పెట్టాడంటే, తనకు కనపడనిది నీకు చూపిస్తున్నాడన్నమాట. దాన్ని బజార్లో పెట్టకు." మేస్త్రి పెట్టలేదు. ఆ సెలూనులో రాజకీయాలు మాట్లాడొచ్చు, ధరలు మాట్లాడొచ్చు, అల్లుళ్ళ మీద చాడీలు చెప్పుకోవచ్చు. ఒకరి తల గురించి ఇంకొకరి దగ్గర మాట మాత్రం పుట్టదు.

అలా ఆయన కడుపులో దాచుకున్న గుట్లలో రెండు పెద్దవి.

ఒకటి వీధి సంఘం ప్రెసిడెంటుది. ప్రెసిడెంటు అరవై దాటిన మనిషి. దిట్టమైన ఒళ్ళు, మైకు అక్కరలేని గొంతు, నెత్తి మీద దట్టంగా నిగనిగలాడే నల్లటి జుట్టు. ఆయన వస్తుంటే ముందు జుట్టు వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. ఆ జుట్టు విగ్గు. రోజూ రాత్రి తీసి పొద్దున తనే పెట్టుకుంటాడు గానీ, దాన్ని కడగడం, కత్తిరించడం, కొత్త టేపు వెయ్యడం మేస్త్రి పని. పధ్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం సంచీ చంకన పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళతాడు. విగ్గు షాంపూతో కడిగి, బోర్లించిన చెంబు మీద ఆరబెట్టి, ముందు రెండు చోట్ల, వెనక రెండు చోట్ల టేపు అంటించి పెట్టి వస్తాడు. ఈ సంగతి ప్రెసిడెంటుకు, ఆయన భార్యకు, మేస్త్రికి, ఆ చెంబుకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండోది వాచ్‌మన్‌ది. అతనికి బట్టతలే గానీ అది గుట్టు కాదు. టోపీ తీస్తే ఎవరైనా చూడొచ్చు. అతని గుట్టు నిద్ర. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా కాపలా కాసే మనిషికి ఐదయ్యేసరికి రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. ఒకసారి నిలబడే నిద్రపోయి కరెంటు స్తంభానికి నుదురు కొట్టుకుంటే మేస్త్రి జాలిపడి సెలూను తాళంచెవి ఒకటి ఇచ్చాడు. అప్పటినుంచి రోజూ ఐదింటికి సెలూను తలుపు తీసుకుని, వెనక్కి వాలే కుర్చీలో కాళ్ళు చాపి, టోపీ మొహం మీద బోర్లించుకుని అరగంట కునుకు తీస్తాడు. లేచాక కుర్చీ తుడిచి, తాళం వేసి పోతాడు. సెలూను పక్కనే సంఘం గది. దాని గోడ మీద ప్రెసిడెంటు స్వయంగా రాసి అంటించిన నిబంధనల్లో మూడోది ఇలా ఉంటుంది: "కాపలా వేళ వాచ్‌మన్ కన్ను మూయరాదు. మూసినచో ఉద్యోగము పోవును."

ఇలా రెండు గుట్లూ ఒకదాని పక్కన ఒకటి హాయిగా బతుకుతుండగా వీధిలోకి కెమెరా వచ్చింది.

వచ్చింది పాల ప్యాకెట్ల కోసం. తెల్లవారుజామున గేట్ల మీద పెట్టిన ప్యాకెట్లు వారానికి రెండో మూడో మాయమవుతున్నాయి. ప్రెసిడెంటు ఒంటికాలి మీద లేచాడు. సెలూను ఎదుట వీధి కాస్త వెడల్పుగా ఉన్నచోట, స్తంభం చిటారున కెమెరా పెట్టించి, కింద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ఇక ఈ వీధిలో చీమ కదిలినా తెలిసిపోతుందన్నాడు. ఆ స్తంభం పక్క ఇంట్లోనే ఉండే నర్సమ్మకు ఇది నచ్చలేదు. చీమ సంగతి సరే, మేము కదిలినా తెలుస్తుందా అని అడిగింది. మా ఇంటికెవరొచ్చారో, నేనెప్పుడు డ్యూటీకి పోయానో ఎవరో కూర్చుని చూస్తుంటే బాగుంటుందా అంది.

ప్రెసిడెంటు చిరునవ్వు నవ్వాడు. "తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకమ్మా?"

జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రి కొట్టలేదు. ఆయన చేతిలో సబ్బు బ్రష్షు ఉంది.

కెమెరా బిగించినవాడు కరెంటు పనివాడు. అతన్ని వీధంతా రేపయ్య అంటారు. ఏ పని చెప్పినా రేపు అనేవాడు, ఆ రేపు నెలకు గానీ రాదు. కెమెరాను నిలబెట్టమంటే అతను బిగించిన తీరుకు అది తల వంచుకుని నేరుగా నేలనే చూస్తోంది. కాస్త ఎత్తి పెట్టమంటే రేపు ఎత్తుతానన్నాడు. వైరు చాలలేదు, అదీ రేపే అన్నాడు. వచ్చే సోమవారం కలిపితే చాలు, నా చేత్తో స్విచ్చి వేస్తానని ప్రెసిడెంటు ముహూర్తం పెట్టాడు.

జన్మలో ఒక పని చెప్పిన రోజుకు చెయ్యని రేపయ్య, ఆ ఒక్కసారి మాత్రం ఐదు రోజులు ముందే చేసేశాడు. ఇంకెక్కడో మిగిలిన వైరు చేతిలో ఉంది, దారిలో స్తంభం కనపడింది, బుధవారం సాయంత్రం ఎక్కి కలిపేశాడు. అందరూ ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున నర్సమ్మ సైకిలు పోయింది.

అది ఆడవాళ్ళ సైకిలు, మధ్యలో అడ్డ కమ్మీ ఉండదు. గంట ఊడిపోయింది. సీటుకు ప్లాస్టిక్ తొడుగు. తాళంచెవి పోయి రెండేళ్ళయింది. దీన్నెవడు తీస్తాడు బాబాయ్ అని మేస్త్రితో నవ్వుతూ గేటుకు ఆనించి పోయేది. ఆ రోజు ఆరింటికి చూస్తే గేటు ఉంది, సైకిలు లేదు. ఆసుపత్రికి నడిచి పోయి, ఆలస్యంగా చేరి, పెద్ద నర్సు చేత మాటలు పడి, మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి వీధంతా సంఘం గదిలో చేరి ఉంది.

ప్రెసిడెంటు విచారంగా మొహం పెట్టి, ఏం చేస్తాం, కెమెరా సోమవారం గానీ మొదలవదు, దొంగ అదృష్టవంతుడు అన్నాడు. వెనక వరసలోంచి రేపయ్య లేచాడు.

"బుధవారమే కలిపేశానండి."

గది గదంతా ముక్కున వేలేసుకుంది. సైకిలు పోయినందుక్కూడా ఎవరూ అంత ఆశ్చర్యపోలేదు. ప్రెసిడెంటు మాత్రం నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. ఉక్కపోతకేమో అనుకుని ఎవరో ఫ్యాను ఆయన వైపు తిప్పారు. ఆయన రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు.

గదిలోని టీవీలో బూడిదరంగు బొమ్మ వచ్చింది. పై నుంచి చూసిన వీధి. గుండ్రంగా ఒక పళ్ళెమంత జాగా. ఒక అంచున నర్సమ్మ గేటు, ఇంకో అంచున సెలూను మెట్లు. రేపయ్య నాలుగు మీటలు నొక్కి శనివారం ఐదూ పదికి తెచ్చాడు. పళ్ళెంలోకి గుడ్డు దొర్లినట్టు ఒక బట్టతల వచ్చింది. గేటు దాకా వెళ్ళింది. సైకిలు తీసింది. ఎక్కింది. పళ్ళెం దాటి వెళ్ళిపోయింది. మొహం లేదు, ముక్కు లేదు. తల, భుజాలు, భుజం మీద తువ్వాలు. అంతే.

ఐదుసార్లు వేశారు. ఐదుసార్లూ అదే తల.

వీధిలో బట్టతలలు లెక్కపెట్టడం ఎంతసేపు. మూడే. రిటైరైన హెడ్మాస్టరు గారిని ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేరు. బేకరీ ఆయన ఆ వేళ పొయ్యి దగ్గర ఉన్నాడనడానికి ఇంటింటికీ వచ్చిన వేడి బ్రెడ్డే సాక్ష్యం. ఇక మిగిలింది ఒక్కడు. అందరూ వాచ్‌మన్ టోపీ కేసి చూశారు. తియ్యమన్నారు. తీశాడు. ట్యూబులైటు వెలుగు దాని మీద పడి మెరిసింది.

ఐదూ పదికి ఎక్కడున్నావని అడిగారు. వాచ్‌మన్ ఒక్కసారి మేస్త్రి వైపు చూశాడు. తర్వాత గోడ మీది మూడో నిబంధన చూశాడు. తర్వాత తన కాలి వేళ్ళు చూసుకున్నాడు. ఇక్కడే, ఇటే, అటే అని నీళ్ళు నమిలాడు.

మేస్త్రి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ తల మీద నాలుగు చోట్ల చర్మం తెల్లగా ఉంది. ముందు రెండు, వెనక రెండు. కెమెరాలో దుమ్మేమో అన్నాడు రేపయ్య. దుమ్ము కాదు. పధ్నాలుగేళ్ళుగా మేస్త్రి అంటించిన టేపు మచ్చలవి. మనిషి తన చేతిరాత తను పోల్చుకోలేడా. ఆయన వెనక్కి తిరిగి ప్రెసిడెంటును చూశాడు. ప్రెసిడెంటు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఈ తల వాచ్‌మన్‌ది కాదు" అన్నాడు మేస్త్రి.

మరెవరిదని గదంతా ఒక్క గొంతుతో అడిగింది.

"ఎవరిది కాదో చెబుతాను. ఎవరిదో చెప్పను."

దాంతో గొడవ ఇంకా ముదిరింది. స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడన్నారు. తెలిసీ చెప్పనివాడు దొంగతో సమానమన్నారు. చివరికి ప్రెసిడెంటే రేపు సాయంత్రం ఆరింటికి మళ్ళీ కలుద్దామన్నాడు. ఈలోగా వాచ్‌మన్ ఆ వేళ ఎక్కడున్నాడో సరిగ్గా చెప్పాలి. లేకపోతే ఈలా, కర్రా ఇచ్చేసి పోవాలి.

ఆ రాత్రి మేస్త్రికి కంటి మీద కునుకు లేదు. వాచ్‌మన్ నా కుర్చీలో నిద్రపోతున్నాడంటే దొంగతనం పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. ఆ తల ఫలానావారిదంటే ఉద్యోగం నిలుస్తుంది, పధ్నాలుగేళ్ళ నమ్మకం పోతుంది, తండ్రి మాట పోతుంది. పక్క మీద అటు దొర్లి ఇటు దొర్లి, పడుకోనివ్వవా అని భార్య చేత తిట్లు కూడా తిన్నాడు.

ఆదివారం పొద్దున సెలూను తీసేసరికి వాచ్‌మన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్ళో ఉంది.

"ఎవరిదన్నా ఆ తల?"

"నీది కాదు."

"నాది కాదని నాకు తెలుసన్నా."

మేస్త్రి అతన్ని లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, అడక్కుండానే గడ్డానికి సబ్బు పెట్టాడు. కత్తి ఆడుతుంటే ఆలోచన సాగుతుంది ఆయనకు. నిన్న టీవీలో వేసింది రెండు నిమిషాల ముక్క. కెమెరా బొమ్మలు దాచే పెట్టెలో మూడు తెల్లవారుజాములున్నాయి. మొత్తం వేస్తే ఆ తల సైకిలును ఏం చేసిందో తేలుతుంది. కానీ మెట్లు కూడా పళ్ళెంలోనే ఉన్నాయి. ఐదింటికి టోపీ సెలూనులోకి పోవడం, ఐదున్నర దాటాక కళ్ళు నులుముకుంటూ రావడం అదీ తేలుతుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాడు. వెయ్యమననా, వద్దా, నీ ఇష్టం అన్నాడు.

వాచ్‌మన్ నురగ మొహంతో అద్దంలోకి చూశాడు. "నిద్రపోతువి అంటే పడతానన్నా. దొంగవి అంటే పడలేను. వెయ్యమను."

ఒకరి ఒప్పుకోలు దొరికింది. రెండోది దొరకాలి.

మధ్యాహ్నం మేస్త్రి మామూలుగా సంచీ చంకన పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళాడు. ప్రెసిడెంటు వెనక గదిలో స్టూలు మీద బోడి తలతో కూర్చుని ఉన్నాడు. విగ్గు లేకపోతే ఆయన గొంతు కూడా సగమయ్యేది. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా బక్కెట్లో నీళ్ళు పట్టి, విగ్గు ముంచి, రుద్దడం మొదలుపెట్టాడు. ఆయనకు మాట్లాడకుండా ఉండటం కష్టం కాదు. ప్రెసిడెంటుకు కష్టం. నురగ వచ్చేలోపే ఆయన మొదలుపెట్టాడు.

వాళ్ళ ఆరేళ్ళ మనవరాలు సెలవులకు మంగళవారం వస్తోంది. పోయినసారి ఫోనులో, తాతా నాకు సైకిలు నేర్పుతావా అని అడిగింది. ఈయన ఊరుకోకుండా, నేర్పడమేమిటే, నేను ఒకప్పుడు పందేల్లో తొక్కేవాణ్ణి అన్నాడు. ఆ పిల్ల ఆ మాట పట్టుకెళ్ళి బడంతా చెప్పింది. నిజానికి ఆయన పుట్టి బుద్ధెరిగి సైకిలెక్కలేదు. కాళ్ళు విరుగుతాయని చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎక్కనివ్వలేదు. ఇప్పుడీ వయసులో పట్టపగలు నేర్చుకుంటే వీధి కడుపుబ్బా నవ్వుతుంది. అందుకని మూడు వారాలుగా తెల్లవారుజామున నర్సమ్మ సైకిలు తీసి, నేర్చుకుని, ఆమె లేచేలోపు పెట్టేస్తున్నాడు. అడ్డ కమ్మీ లేదు గనక ఎక్కడం దిగడం సుళువు. గాలికి విగ్గు నిలవదు గనక ఇంట్లో పెట్టి వస్తున్నాడు. శనివారం నాడు మొదటిసారి నిలకడ దొరికింది. దొరికిన సంతోషంలో వీధి దాటాడు, మలుపు దాటాడు, ఆపడం ఇంకా నేర్చుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాలవలో పడ్డాడు. ముందు చక్రం ఎనిమిది అంకెలా తిరిగింది. దాన్ని భుజాన మోసుకుని మార్కెట్టు అవతల సైకిలు షాపువాణ్ణి నిద్రలేపి ఇచ్చాడు. ఇవాళ రాత్రికి ఇస్తారట.

"రేపు తెల్లారేసరికి గేటు దగ్గర పెట్టేస్తాను మేస్త్రీ. అంతటితో పోతుంది."

"సైకిలు వస్తుందండీ. దొంగ పేరు పోదు."

మేస్త్రి విగ్గును పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తాడు. ఆ వేళ వాచ్‌మన్ వీధిలో ఉండడని మీకెలా తెలుసండీ అని అడిగాడు. మూడు వారాలుగా చూస్తున్నాగా అన్నాడు ప్రెసిడెంటు. అన్నాక, తనేమన్నాడో తనకే వినపడి తల దించుకున్నాడు. తను ఆ అరగంటను వాడుకున్నాడు. ఆ అరగంటకే అతన్ని నలుగురిలో నిలబెట్టి అడిగాడు.

"నేను నోరు విప్పను. మిగతా బొమ్మ వెయ్యమంటాను, అంతే. అందులో మీ మొహం ఉండదు" అన్నాడు మేస్త్రి.

"తల ఉంటుందిగా."

"తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకని మీరే అన్నారు గదండీ."

ప్రెసిడెంటు చెంబు మీద ఆరుతున్న విగ్గు కేసి చూశాడు. "అది మైకు ముందు మాట మేస్త్రీ."

అంతలో ఆయన భార్య టీ తెచ్చి పెట్టింది. "బాత్‌రూములో జారిపడ్డారట. ఒక మనిషి రెండు మోకాళ్ళ మీద, రెండు అరచేతుల మీద, ఒక మోచేతి మీద ఒకేసారి ఎలా జారాడో అడుగు మేస్త్రీ, నాకైతే చెప్పలేదు." జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మేస్త్రి టేపు కత్తిరిస్తూ మామూలు మాట అన్నట్టు అన్నాడు. "పాప వస్తే వీధి గేటెక్కి ఊగుతుంది గదండీ. వాచ్‌మన్ పోతే ఇక ఊపేదెవరో."

మేస్త్రి నాలుగో టేపు అంటించాడు. అప్పుడు ప్రెసిడెంటు అన్నాడు, "వెయ్యమను."

సాయంత్రం ఆరింటికి సంఘం గదిలో గాలి దూరే సందు లేదు. వాచ్‌మన్ ఈలా, కర్రా తెచ్చి బల్ల మీద పెట్టుకునే కూర్చున్నాడు. మేస్త్రి లేచి, కెమెరా అబద్ధం చెప్పలేదు గానీ మనం దాన్ని మధ్యలో ఆపేశాం, గురువారం నుంచి మొత్తం చెప్పనిద్దాం అన్నాడు. రేపయ్య, ఇప్పుడే వేస్తానని, నిజంగా అప్పుడే వేశాడు.

గురువారం, ఐదు గంటలు. టోపీ ఒకటి వచ్చి సెలూను మెట్లెక్కి లోపలికి పోయింది. "తాళంచెవి నేనిచ్చిందే" అన్నాడు మేస్త్రి. ఎవరూ ఏమీ అనకముందే పళ్ళెంలోకి బట్టతల వచ్చింది. పిల్లి అడుగులు వేస్తూ గేటు దగ్గరికి పోయి సైకిలు తీసింది. ఎక్కింది. పడింది. ఎక్కింది. రెండు గజాలు పోయి స్తంభాన్ని కౌగిలించుకుంది. ఈ సంబరం జరుగుతుండగా ఒక నిజం పిల్లి వచ్చి, గేటు మీది పాల ప్యాకెట్టు నోట కరుచుకుని, ఏ తొందరా లేకుండా బొమ్మలోంచి నడిచి వెళ్ళింది. అది బేకరీ వారి పిల్లి. బేకరీ ఆయన చటుక్కున కిందికి వంగి చెప్పు సరిచేసుకున్నాడు.

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత గది మొత్తం పగలబడింది. ఐదున్నరకు బట్టతల సైకిలును తెచ్చి గేటుకు ఆనించింది. భుజం మీది తువ్వాలుతో సీటు తుడిచింది. నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, తొడుగు సరిగ్గా లాగి పోయింది. ఆ పక్క నిమిషంలోనే టోపీ సెలూనులోంచి కళ్ళు నులుముకుంటూ దిగింది.

శుక్రవారం బట్టతల ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచే, హ్యాండిలు గట్టిగా పట్టుకోకు నాయనా, వదులుగా పట్టుకో అని టీవీకి పాఠం చెప్పారు. రెండో చుట్టు తిరిగితే చప్పట్లు పడ్డాయి. శనివారం రాగానే అందరూ ముందుకు వంగారు. బట్టతల ఎక్కింది. పడలేదు. వంకర లేకుండా, నిటారుగా, పళ్ళెం దాటి వెళ్ళిపోయింది. నిన్న ఐదుసార్లు చూసినప్పుడు అది పారిపోతున్న దొంగ. ఇప్పుడు చూస్తే సైకిలొచ్చిన మనిషి. ఆ వేళంతా టోపీ సెలూనులోనే ఉంది.

వెనక వరసలో అందరికంటే ఎక్కువ నవ్వింది ప్రెసిడెంటు భార్య. కళ్ళు తుడుచుకుంటూ పక్కావిడతో, ఆయనెవరో గానీ ఆ లాగు కుట్టు విడింది పాపం, ఇంట్లో చెప్పుకుంటే కుట్టిపెట్టరా అంది.

నవ్వు సద్దుమణిగాక ఎవరో గోడ మీది మూడో నిబంధన బిగ్గరగా చదివారు. వాచ్‌మన్ లేచి ఈల చేతిలోకి తీసుకున్నాడు. అందరూ ప్రెసిడెంటు కేసి తిరిగారు. ఆ రాత తనది. తీర్పూ తనదే. ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

"కన్ను మూయరాదని రాశాను. సెలూనులోకి పోరాదని రాయలేదు. లోపల అతను కన్ను మూశాడని ఎవరు చూశారు? కెమెరాకు లోపల కనపడదు కదా."

"కనపడకూడదు కూడా" అంది నర్సమ్మ.

ఈల మళ్ళీ వాచ్‌మన్ జేబులోకి పోయింది. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. అది అడిగే హక్కు నర్సమ్మదే గనక అందరూ ఆమె వైపు చూశారు. ఆమె మాత్రం ప్రెసిడెంటు అరచేతికి చుట్టిన గుడ్డ కేసి, చాచిపెట్టుకున్న కాలి కేసి, చెప్పుకు ఎండిన కాలవ బురద కేసి చూస్తోంది. గాయాలు చూడటం ఆమె పని. ఒకసారి మోకాలు, ఒకసారి టీవీ, ఒకసారి ఆ నల్లటి జుట్టు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు బిగబట్టుకుంది.

"బాబాయ్, ఆ తలాయన నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"అయితే నా మాటగా చెప్పు. కాలవ నీళ్ళు తగిలిన దెబ్బ, టీటీ ఇంజెక్షను వేయించుకోవాలి. రేపు పది లోపల ఆసుపత్రికి వస్తే వరసలో నిలబడకుండా నేనే వేస్తాను. ఈసారి సైకిలు కావాలంటే తలుపు కొట్టమను. వెనక సీటు పట్టుకోడానికి మనిషి లేకుండా ఎవరైనా నేర్చుకుంటారా."

కాలవ సంగతి ఆమెకెలా తెలిసిందని అడగాలని ఎవరికీ తట్టలేదు. బట్టతలాయన ఎవరో తేల్చాల్సిందేనని ఒకరిద్దరు పట్టుబట్టారు గానీ, సైకిలు పోయిన మనిషికే అక్కర లేకపోయాక వాళ్ళ మాట సాగలేదు. ఆమె ఇంకోటి అడిగింది. ఆ కెమెరాను వీధి మొదట పెట్టి గేటు వైపు తిప్పమంది. వచ్చేపోయే బయటివాళ్ళను చూడనీ, మన నెత్తులెందుకు దానికి అంది. అందరూ సరే అన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది ప్రెసిడెంటు. రేపయ్య, రేపు తిప్పుతానన్నాడు.

సోమవారం తెల్లారేసరికి సైకిలు గేటు దగ్గరుంది. ముందు చక్రం కొత్తది. ఊడిపోయిన గంట స్థానంలో ధగధగలాడే కొత్త గంట. పది లోపల ప్రెసిడెంటు ఆసుపత్రికి వెళ్ళి చొక్కా చెయ్యి మడిచాడు. నర్సమ్మ ఎలా తగిలిందని అడగలేదు. బాత్‌రూములో జాగ్రత్తగా నడవండి అంది.

రేపయ్య రేపు రావడానికి పట్టిన పది రోజుల్లో వీధికి విషయం అర్థం కాకుండా పోలేదు. మేస్త్రి చెప్పలేదు, నర్సమ్మ చెప్పలేదు. కానీ టీవీలో చూసిన ఆ భుజాలు రోజూ ఎదురుగా నడుస్తుంటే ఎంతమంది పోల్చుకోరు. పోల్చుకున్నవాళ్ళు పోల్చుకున్నట్టు ఊరుకున్నారు. సెలూనులో దువ్వెన కింద కూర్చుని, ఆయన జుట్టు భలే ఒత్తు మేస్త్రీ అని ఒకరు కన్ను గీటితే, మీ తల కాస్త వంచండి అన్నాడు మేస్త్రి.

పదకొండో రోజు సాయంత్రం రేపయ్య నిచ్చెన తెచ్చి స్తంభానికి వేశాడు. అదే వేళకు ప్రెసిడెంటు మనవరాలు చిన్న సైకిలు మీద స్తంభం చుట్టూ తిరుగుతోంది. తాత వెనక సీటు పట్టుకుని పరిగెత్తి పరిగెత్తి ఆయాసపడ్డాడు. పిల్ల ఆగి, ఇందాకటినుంచి నన్నే తొక్కమంటున్నావు, పందేల్లో ఎలా తొక్కేవాడివో నువ్వు చూపించు అంది. నర్సమ్మ మారు మాట్లాడకుండా తన సైకిలు తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

ప్రెసిడెంటు ఎక్కాడు. పొద్దుండగానే, వీధి మొత్తం చూస్తుండగా, గంట కొట్టుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో గాలి లేచింది. ఆయన నెత్తి మీంచి నల్లటి జుట్టు కాకిలా ఎగిరి, ఒక పల్టీ కొట్టి, సెలూను మెట్ల మీద వాలింది.

ఆ క్షణంలో వీధికి ఎక్కడలేని పనులు గుర్తొచ్చాయి. బేకరీ ఆయన పిల్లిని తిట్టడం మొదలుపెట్టాడు. నర్సమ్మ గేటు గొళ్ళెం పరీక్షించింది. వాచ్‌మన్ ఆకాశంలో ఏదో చూస్తున్నాడు. నిచ్చెన మీది రేపయ్య, రేపటికి వాయిదా వెయ్యకుండా, అరచెయ్యి చాపి కెమెరా మొహానికి అడ్డం పెట్టాడు.

"తాతా, నీ జుట్టు పడిపోయింది" అంది మనవరాలు.

"తెలుసులేవే. మలుపు దగ్గరుంది, మాట్లాడించకు."

నిటారుగా, వంకర లేకుండా మూడో చుట్టుకు తిరిగాడు. ఈసారి ఆపడం కూడా వచ్చు.

మేస్త్రి మెట్లు దిగి జుట్టును ఎత్తుకున్నాడు. దుమ్ము దులిపాడు. లోపలికి తీసుకెళ్ళి, సబ్బు గిన్నె బోర్లించి, దాని మీద పెట్టి, దువ్వెన అందుకున్నాడు. కుర్చీలో ఒకాయన, బెంచీ మీద ఇద్దరు ఉన్నారు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు.